ఏ పనికి ఏ పనిముట్టు, ఎవరి చెయ్యి: ఇంటి నుంచి వ్యాపారం చేసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

మిర్చి సీజన్‌లో ఒక పొద్దున వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి అరగంట నిలబడి చూడండి. బస్తా దించేది హమాలీ. కాంటా పెట్టేది దడ్వాయి. కాయను విరిచి, రంగు చూసి ధర చెప్పేది ఖరీదుదారు. రైతు తరఫున మాట్లాడేది అడ్తిదారు. అంతా అయ్యాక రైతు చేతికి ఒక తక్‌పట్టీ వస్తుంది. ఎంత తూకం, ఏం ధర, ఏమేం కోతలు, చివరికి చేతికి ఎంత, అన్నీ ఆ ఒక్క కాగితం మీదే ఉంటాయి. దడ్వాయి ధర జోలికి పోడు, ఖరీదుదారు బస్తా మోయడు. ఎవరి పని వాళ్లది, ఎవరి పనిముట్టు వాళ్లది. అంత పెద్ద యార్డు నడిచేది అందుకే.

మాది అంత పెద్ద వ్యవహారం కాదు. హన్మకొండలో ఇంటి వెనక రేకుల షెడ్డులో సకినాలు, గరిజెలు, మురుకులు చేసి అమ్ముతాం. ఐదుగురు ఆడవాళ్లం. మొదటి మూడేళ్లు అందరం అన్ని పనులూ చేశాం. ఫోన్ ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్లు ఎత్తేవాళ్లు, ఆర్డర్ ఎవరికి గుర్తుంటే వాళ్లు చెప్పేవాళ్లు. మూడో ఏడు భోగి రోజు సాయంత్రం ఒకావిడ వచ్చింది. 5 కిలోల సకినాలకు పది రోజుల ముందే అడ్వాన్స్ ఇచ్చింది. బిడ్డకు పెళ్లయ్యాక అది మొదటి సంక్రాంతి. మా దగ్గర ఆమె ఆర్డర్ ఎక్కడా లేదు. డబ్బులు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "పైసలు ఏం జేసుకోవాలె అక్కా, బిడ్డ అత్తగారింటికి ఒట్టి చేతులతోని ఎట్ల పోవాలె?" అంది. ఆ రాత్రి నలుగురం కూర్చుని 2 కిలోలు చేసి ఇచ్చాం. మిగతా 3 కిలోలు ఇవ్వలేకపోయాం.

ఆ తర్వాతి నెల కంగారులో 12 వేలు పెట్టి ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నాం. పది రోజులు వాడి వదిలేశాం. అందులో లోపం లేదు. అది బార్‌కోడ్ కొట్టి సరుకు అమ్మే దుకాణానికి చేసింది. మాకు కావాల్సింది ఏ తేదీకి ఎవరికి ఎన్ని కిలోలు అన్న జాబితా. పని ఏమిటో చూసుకోకుండా పనిముట్టు కొన్నాం. ఇలా డబ్బు పోగొట్టుకున్న ఇళ్లు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను. ఉదాహరణలు పిండివంటలవే అయినా టైలరింగ్, బ్యూటీ పార్లర్, కొత్తవాడ దరీలు, పాల కేంద్రం, ఏదైనా ఇదే వరుసలో చూసుకోవచ్చు.

మొదటి అడుగు: వారం రోజులు ఏమీ కొనకండి, రాయండి

ఒక పొడుగు నోటుబుక్కును తలుపు పక్కన మేకుకు వేలాడదీసి, దానికి దారంతో పెన్ను కట్టండి. పెన్ను కట్టకపోతే రెండో రోజుకే మాయమవుతుంది, రాయడం ఆగిపోతుంది. ఎవరు ఏ పని చేసినా మూడు ముక్కలు రాయాలి: ఏం చేశాం, ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఆగింది. ఈ మూడోదే ముఖ్యం. మా పుస్తకంలో మొదటి వారం ఉన్న మాటలు కొన్ని:

"సోమవారం. గిర్నిలో గంట కూర్చున్న. కరెంటు లేదు."
"మంగళవారం. పావుకిలో ప్యాకెట్ కాంటా మీద సరిగ్గ వస్తలేదు. తీసుడు, వేసుడు."
"బుధవారం. ఎవరో రెండు కిలోలు చెప్పిన్రు. పేరు యాదికి లేదు."
"శుక్రవారం. కొవ్వొత్తితోని కవర్లు అంటించినం. వేలు కాలింది."

వారం అయ్యాక అందరూ కూర్చుని ఒక్కో వరుస పక్కన ఒక గుర్తు పెట్టండి. చేతి నైపుణ్యంతోనే అయ్యే పనికి "చె". మంచి సాధనం ఉంటే తేలికయ్యే పనికి "సా". మనకు రాని, నేర్చుకోవడానికి ఏళ్లు పట్టే పనికి "బ", అంటే బయటి మనిషికి అప్పగించాల్సింది. ఈ మూడింటిని కలిపేసుకోవడం దగ్గరే డబ్బు, ఓపిక రెండూ పోతాయి. చేతితో అయ్యే దానికి మిషన్ వెతుకుతాం. మిషన్‌తో అయ్యే దానికి వేళ్లు కాల్చుకుంటాం. సీఏ చేయాల్సిన పనిని యూట్యూబ్ చూసి మనమే చేయబోతాం.

రెండో అడుగు: చేతి పనిని చేతికే వదలండి

సకినం చుట్టడం చూడనివాళ్లకు చెప్తాను. నానబెట్టి, నీళ్లు ఓడ్చి పట్టించిన తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలుపుతారు. తెల్లటి బట్ట పరిచి, ముందు పిండితో గౌరమ్మను చేసి పెడతారు. తర్వాత పిండిని బొటనవేలు, చూపుడువేలు మధ్య మెలి తిప్పుతూ, చుట్టు మీద చుట్టు వేస్తూ పోతారు. బట్ట తడిని పీల్చుకుని సకినం కాస్త గట్టిపడ్డాక, కింద పళ్లెం జొనిపి లేపి నూనెలో వేస్తారు. పిండి కాస్త పలుచనైతే మెలిక నిలవదు, గట్టిదైతే మధ్యలో తెగుతుంది. నీళ్లు ఎన్ని అని అడిగితే మా పెద్దమ్మ చెప్పదు. పిండిని ఒకసారి పిసికి చూసి, "ఇంకొక చారెడు" అంటుంది.

మురుకుల గొట్టంతో ఒత్తి చూశాం. చుట్టలు వస్తాయి, మెలిక రాదు. మెలిక లేకపోతే లోపల గుల్లతనం రాదు, పళ్లకు గట్టిగా తగులుతుంది. రెండు కిలోలు అలా చేసి ఎవరికీ అమ్మలేక ఇంట్లోనే తిన్నాం. ఇక అక్కడ మిషన్ మాట ఎత్తలేదు.

కానీ ఆ చేతి పని చుట్టూ ఉన్న పనులు చేతివి కావు. బియ్యం కడగడం, పిండి పట్టించడం, ప్యాక్ చేయడం, మోయడం ఎవరైనా చేయొచ్చు, కొన్నింటికి సాధనాలూ ఉన్నాయి. మేము చేసిన పెద్ద తప్పు ఇక్కడే. పెద్దమ్మ వయసులో పెద్దది, పొయ్యి దగ్గర వేడి ఎందుకని ఆమెను ప్యాకింగ్‌లో కూర్చోబెట్టాం. చుట్టే పని కొత్తగా వచ్చిన ఇద్దరికిచ్చాం. ఆ వారం బట్ట మీద నుంచి లేపేటప్పుడే తట్టెడు సకినాలు విరిగాయి. ఇప్పుడు పెద్దమ్మ పీట మీద కూర్చుని చుట్టడమే చేస్తుంది. నూనె దగ్గరికి ఆమెను రానివ్వం, కవర్లు ముట్టనివ్వం.

మీ వ్యాపారంలోనూ అలాంటి చెయ్యి ఒకటి ఉంటుంది. టైలరింగ్ అయితే కత్తిరింపు, హోటల్ అయితే తాలింపు. ఆ మనిషి రోజులో ఎన్ని గంటలు ఆ పనే చేస్తున్నారో నోటుబుక్కులో చూడండి. సగం రోజు వేరే పనుల్లో పోతుంటే ముందు అది సరిచేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

మూడో అడుగు: తూకం

మా దగ్గర మొదట 30 కిలోల కాంటా ఒక్కటే ఉండేది. అది 5 గ్రాముల చొప్పున చూపించేది. 10 కిలోల పిండికి అది చాలు. 250 గ్రాముల ప్యాకెట్‌కు మాత్రం అది సరైన పనిముట్టు కాదు. ఒక సకినం అటూ ఇటూ అయితే అంకె ఎగిరి దూకేది. తక్కువ పోకూడదని ఎక్కువ వేసేవాళ్లం. ప్యాకెట్‌కు 10 గ్రాములు ఎక్కువ పోయినా, 600 ప్యాకెట్లకు 6 కిలోలు పోయినట్టు. 1 గ్రాము చూపించే చిన్న కాంటా తెచ్చాక అది ఆగింది.

ఒక జాగ్రత్త. ఆన్‌లైన్‌లో దొరికే వంటింటి కాంటా కొలత కలుపుకోవడానికి పనికొస్తుంది, అమ్మకానికి వాడకూడదు. అమ్మే కాంటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏటా ముద్ర వేయించాలి. కొనేటప్పుడే ముద్ర ఉన్నది అడగండి, ఆ సర్టిఫికెట్‌ను షెడ్డులో కనబడేలా పెట్టండి.

వంటింటి కాంటాను మేము ఇంకో పనికి వాడాం. పెద్దమ్మ "గుప్పెడు" ఉప్పు, "దోసెడు" నువ్వులు అన్నప్పుడల్లా, ఆమె పిండిలో కలిపే ముందు ఒక గిన్నెలో పోయమని తూచాం. పదిసార్లు తూచి సగటు రాసుకున్నాం. ఇప్పుడు ఆమె ఊరికి వెళ్లినా రుచి మారదు. ఆమెకు ఇది నచ్చుతుందో లేదోనని ముందు భయపడ్డాం. "నా తర్వాత కూడ ఇట్లనే ఉంటయన్నట్టు" అని సంతోషపడింది.

నాలుగో అడుగు: ఆర్డర్లు

భోగి నాటి తప్పు ఇక్కడిది కాబట్టి దీని మీదే ఎక్కువ పని చేశాం, ఎక్కువ రాస్తాను.

ముందు కాగితం. తక్‌పట్టీని చూసి మేమే ఒక చీటీ తయారుచేసుకున్నాం. పేరు, ఫోన్, ఏం కావాలి, ఎన్ని కిలోలు, ఏ తేదీకి, ధర, అడ్వాన్స్, బాకీ, ఎలా పంపాలి. డీటీపీ సెంటర్‌లో వంద చీటీల పుస్తకాలు కొట్టించాం. ప్రతి చీటీకి నంబరు, కింద కార్బన్. ఒకటి వాళ్లకు, ఒకటి మాకు. ఫోన్‌లో చెప్పిన ఆర్డర్‌కు కూడా చీటీ రాసి, ఫోటో తీసి వాళ్లకు పంపుతాం. చీటీ లేని ఆర్డర్ ఆర్డర్ కాదు. మా చెల్లె అడిగినా ఇదే మాట. ఆ 12 వేల సాఫ్ట్‌వేర్ చేయలేని పనిని ఈ చీటీ చేసింది.

రెండోది ఫోన్. ఇంటి నంబరు మీద వ్యాపారం నడపకండి. వేరే సిమ్ తీసుకుని, దాని మీద వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకోండి, అది ఉచితమే. అందులో మాకు నిజంగా పనికొచ్చినవి మూడు. ఒకటి లేబుల్స్: ప్రతి చాట్‌కు "కొత్త ఆర్డర్", "డబ్బు రావాలి", "పంపాం" అని రంగు గుర్తు పెట్టొచ్చు. రెండోది క్విక్ రిప్లై: ధరల పట్టిక రోజూ ముప్పైసార్లు టైప్ చేయకుండా ఒకసారి దాచుకుని, ఏటవాలు గీత (/) కొడితే వచ్చేస్తుంది. మూడోది క్యాటలాగ్: ఫోటో, ధర పెట్టేస్తే "సకినాలు ఎంత?" అనే ఫోన్లు సగం తగ్గుతాయి. ఒకే మెసేజ్‌ను చాలామందికి ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. మీ నంబరును సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. అందుకే ప్యాకెట్ ఇచ్చేటప్పుడే "అక్కా, మా నంబరు సేవ్ చేసుకో" అని అక్కడే చేయిస్తాం.

మూడోది పట్టిక. రోజు ముగిశాక చీటీలన్నీ గూగుల్ షీట్స్‌లోకి ఎక్కాలి. ఎక్సెల్ వచ్చినవాళ్లకు ఇదీ వచ్చినట్టే. ఫోన్‌లో ఉంటుంది, ఇద్దరు ముగ్గురు ఒకేసారి చూడొచ్చు. చీటీలో ఉన్న గడులే ఇక్కడా నిలువు వరుసలు. చివర్లో "అయిందా?" అని ఒక గడి.

ఇక్కడ మమ్మల్ని పదిహేను రోజులు తిప్పలు పెట్టిన సంగతి ఒకటి చెప్పాలి. రేపటికి మొత్తం ఎన్ని కిలోల సకినాలు కావాలో తేల్చడానికి సమ్‌ఇఫ్స్ అనే ఫార్ములా పెట్టాం, మనం చెప్పిన తేదీ, సరుకు ఉన్న వరుసలనే అది కూడుతుంది. ప్రతిసారీ తక్కువ చూపించేది. వెతికితే దొరికింది. ఒకరు "సకినాలు" అని, ఒకరు "సకినలు" అని, ఇంకొకరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కిస్తున్నారు. మనకు మూడూ ఒకటే, ఫార్ములాకు మూడూ వేర్వేరు సరుకులు. డేటా వ్యాలిడేషన్ అనే సదుపాయంతో ఆ గడిలో జాబితా పెట్టాం. ఇప్పుడు ఎవరూ పేరు టైప్ చేయరు, వేలితో ఎంచుకుంటారు. మీరు పట్టిక మొదలుపెట్టిన రోజే ఈ జాబితా పెట్టుకోండి. సరుకు పేరుకు ఒకటి, పంపే పద్ధతికి ఒకటి.

ఈ పని మా ఇంట్లో డిగ్రీ చదివిన చిన్న కోడలిది. మిగతావాళ్లం పట్టిక చూస్తాం, మార్చం. ముట్టుకునే చేతులు ఎక్కువైతే పట్టిక పాడవుతుంది.

ఐదో అడుగు: డబ్బు

ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు ఒకే ఖాతాలో ఉంటే ఏ యాప్ కూడా మీకు లాభం చెప్పలేదు. ముందు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. క్యూఆర్ కోడ్ ఆ ఖాతాకే కట్టండి.

ఫోన్‌పే, గూగుల్‌పే, పేటీఎం ఏదైనా సరే, రెండు సంగతులు షెడ్డులో అందరికీ తెలియాలి. ఒకటి, డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు. "మీకు డబ్బు పంపుతున్నా, పిన్ కొట్టండి" అన్నారంటే మన డబ్బు పోతున్నట్టే. రెండు, ఎదుటివాళ్లు చూపించే స్క్రీన్‌షాట్ రుజువు కాదు. పండగ రద్దీలో మాకూ ఒకసారి అలా 1,400 రూపాయలు పోయాయి. డబ్బు పడితే పలికే సౌండ్‌బాక్స్ పెట్టుకున్నాక ఆ టెన్షన్ పోయింది. నూనె పొయ్యి దగ్గర చేతులు ఖాళీ లేనివాళ్లకు చెవితో వినే సాధనమే సరైనది. మోసం జరిగిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

లెక్కల సాధనం మీ స్థాయిని బట్టి ఉండాలి. రోజుకు పది అమ్మకాల లోపు ఉంటే రెండు వరుసల నోటుబుక్కు చాలు, వచ్చింది ఒకటి, పోయింది ఒకటి. ఉద్దెర ఎక్కువగా ఇచ్చేవాళ్లకు ఖాతాబుక్ లాంటి యాప్ నప్పుతుంది, బాకీ గుర్తుచేసే మెసేజ్ అదే పంపుతుంది, మనం మొహమాటపడక్కర్లేదు. జీఎస్టీ బిల్లులు కొట్టాల్సిన రోజున వ్యాపార్ లాంటిది కావాలి. సరుకు, బిల్లులు, రిటర్నులు అన్నీ పెరిగాక ట్యాలీ. కానీ ట్యాలీ కొన్నంత మాత్రాన ట్యాలీ రాదు. అది వచ్చిన గుమస్తాను నెలకు నాలుగు రోజులు పిలిపించుకోవడం, కొని పక్కన పెట్టడం కంటే మంచిది.

ఆరో అడుగు: బయటి మనిషికి ఇవ్వాల్సిన పని

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఎప్పుడు తీసుకోవాలని వీడియోల్లో వెతికితే, వస్తువులు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల వరకు అక్కర్లేదని చాలామంది చెప్తారు. అది వేరే రాష్ట్రాల సంగతి. తెలంగాణలో వస్తువులకైనా, సేవలకైనా పరిమితి 20 లక్షలే. పన్ను ఉన్న సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే, అమ్మకం ఎంత చిన్నదైనా, మామూలుగా ముందే రిజిస్ట్రేషన్ ఉండాలి. మేము బెంగళూరుకు మొదటి పార్శిల్ కట్టబోయే ముందు మా సీఏ ఆపకపోతే ఇది మాకూ తెలిసేది కాదు. ఆయనకు ఏటా ఇచ్చే ఫీజు ఆ ఒక్క మాటకే సరిపోయింది.

అందుకే పన్నుల పని మన చేతిది కాదు. మన వంతు కాగితాలు వరుసగా ఇవ్వడం. నెలకో కవరు పెట్టి కొన్న బిల్లులు, అమ్మిన బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్ అందులో వేస్తాం. సీఏ దగ్గరికి కవరు పోతుంది, గంటలో పని అయిపోతుంది. బిల్లులు సంచిలో కుక్కి ఇస్తే ఆయన టైమ్ వృథా, మన ఫీజు పెరుగుతుంది.

ఇందులో మనమే చేసుకోగలిగేది ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు. ఆధార్‌తో ఉచితంగా అవుతుంది. ఫీజు అడిగే వెబ్‌సైట్ కనబడితే అది ప్రభుత్వానిది కాదు. దీని లాభం లోన్ల దగ్గరే ఆగదు. ఉద్యమ్‌లో ఉన్న చిన్న తయారీదారు దగ్గర సరుకు కొన్నవాళ్లు, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని చట్టం చెప్తుంది. క్యాటరింగ్ వాళ్లకు టోకుగా ఇచ్చేటప్పుడు మా బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేస్తాం. గొడవపడకుండానే డబ్బు వస్తోంది.

తినే వస్తువు కాబట్టి ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే నంబరు కూడా తప్పదు. అది 14 అంకెలది, ప్యాకెట్ మీద వేయాలి.

ఏడో అడుగు: లేబుల్, ఫోటో, రాత

లేబుల్ మీద మన పేరు అందంగా ఉండటం కంటే ముందు ఉండాల్సినవి ఉన్నాయి. తయారు చేసినవాళ్ల పేరు, చిరునామా, సరుకు పేరు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారైన తేదీ, నెల, సంవత్సరం, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, ఏమేం వేశారో, ఎప్పటిలోపు తినాలో, శాకాహారపు ఆకుపచ్చ గుర్తు. డీటీపీ సెంటర్‌కు వెళ్లే ముందే ఇవన్నీ కాగితం మీద రాసుకోండి.

తెలుగు అక్షరాల దగ్గర చాలామంది చిక్కుకుంటారు. మన ఫోన్‌లో రాసేది యూనికోడ్ తెలుగు. డీటీపీ సెంటర్లలో చాలా చోట్ల అను ఫాంట్లతో కొడతారు. వాళ్లు కొట్టిన మాటలను కాపీ చేసి వాట్సాప్‌లో వేస్తే పిచ్చి గీతలు వస్తాయి. మన యూనికోడ్ మాటలను వాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఒత్తులు విడిపోయి పక్కకు పడతాయి. ఎవరి తప్పూ లేదు, రెండూ వేర్వేరు పద్ధతులు. కాబట్టి మాటలు మనం వాట్సాప్‌లో టైప్ చేసి పంపాలి, వాళ్లు తమ పద్ధతిలో కొట్టాలి, మనకు ఫోటోగానో పీడీఎఫ్‌గానో చూపించాలి. అప్పుడు ఒకరు గట్టిగా చదవాలి, ఇంకొకరు కాగితంతో సరిచూడాలి. ఫోన్ నంబరును వెనక నుంచి ముందుకు చదవండి. మేము అలా చదవనందుకు 2,000 కవర్ల మీద ఒక అంకె తప్పు పడింది. ఆ కవర్లన్నింటి మీదా స్టిక్కర్లు అంటించాల్సి వచ్చింది.

ఫోటోకు పెద్ద కెమెరా అక్కర్లేదు. పొద్దున పూట కిటికీ పక్కన, తెల్ల బట్ట మీద, ఫ్లాష్ ఆపేసి తీయండి.

జెమిని, చాట్‌జీపీటీ లాంటి ఏఐ యాప్‌లు మేమూ వాడతాం. విరిగిపోయి వచ్చిన పార్శిల్ మీద కొరియర్ వాళ్లకు ఇంగ్లిష్‌లో ఫిర్యాదు రాయించడానికి అది బాగా పనికొచ్చింది. తెలుగులో ప్రకటన రాయమంటే "సంప్రదాయ రుచుల సమ్మేళనం" అని రాసింది. మా దగ్గర కొనేవాళ్లు ఎవరూ అలా మాట్లాడరు. "పొద్దున చేసినవి, సాయంత్రానికి మీ ఇంట్ల" అని చిన్న కోడలు రాసింది, అదే పెట్టాం. నియమాలు, పన్నులు, ధరల విషయంలో దాని మాట మీద నడవకండి.

ఎనిమిదో అడుగు: పంపడం

హైదరాబాద్, కరీంనగర్, నిజామాబాద్ వరకు మాకు ఆర్టీసీ కార్గో సరిపోతుంది, బస్‌స్టాండ్‌లో ఇస్తే అక్కడి బస్‌స్టాండ్‌లో తీసుకుంటారు. దూరానికి స్పీడ్ పోస్ట్ లేదా కొరియర్. విదేశాలకు పంపే పని మేము పెట్టుకోలేదు. కొన్నవాళ్లే మా దగ్గర తీసుకుని, విదేశాలకు పంపడమే పనిగా ఉన్న ఏజెన్సీకి ఇచ్చుకుంటారు.

తొమ్మిదో అడుగు: యంత్రం కొనే ముందు లెక్క

నోటుబుక్కులో "వేలు కాలింది" అన్న వరుస గుర్తుందా. కొవ్వొత్తితో ఒక కవరు అంటించడానికి మాకు 1 నిమిషం పట్టేది. పక్క షెడ్డు వాళ్ల హ్యాండ్ సీలర్ (వేడితో కవరు మూతి అంటించే చిన్న మిషన్) అడిగి తెచ్చుకుని 50 కవర్లు చేసి చూశాం. ఒక్కోదానికి 10 సెకన్లు. సంక్రాంతికి 600 ప్యాకెట్లనుకుంటే, 10 గంటల పని 1 గంట 40 నిమిషాలకు వస్తుంది. పైగా గాలి చొరదు, మెత్తబడ్డాయన్న ఫిర్యాదు తగ్గుతుంది. ఆ లెక్క కాగితం మీద కనబడ్డాకే కొన్నాం.

ఇదే లెక్క పిండి మిషన్‌కు వేస్తే తేలలేదు. సొంతంగా కొంటే ఏడాదిలో ఇరవై రోజులు నడుస్తుంది, మిగతా రోజులు మూలకు పడి ఉంటుంది. గిర్నికి వెళ్లడమే మేలు. కాకపోతే గిర్ని ఆయనతో ముందే మాట్లాడి తెల్లవారి 6 గంటల వంతు మాకు ఇప్పించుకున్నాం. గంట ఎదురుచూపు పోయింది. మిషన్ కొంటేనే తీరుతుందనుకున్న ఇబ్బంది ఒక మాటతో తీరింది.

అప్పు తప్పనిసరైతే ముద్ర లోన్ అడగండి. శిశు విభాగంలో 50 వేల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. మహిళా సంఘంలో ఉన్నవాళ్లయితే ముందు సంఘం లోన్ వడ్డీ కనుక్కుని పోల్చుకోండి. ఆ యంత్రం మీద నేర్చుకోవాల్సింది ఉంటే, జిల్లాలోని ఆర్‌సెటి (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ) కేంద్రంలో శిక్షణ ఉచితం, భోజనం కూడా పెడతారు.

పదో అడుగు: నేర్పడం

కొత్త సాధనం వచ్చిన రోజు అందరికీ చూపించి వదిలేస్తే ఎవరికీ రాదు. మేము ఒక్కరికే నేర్పుతాం. ఆ ఒక్కరు వారం వాడాక, ఇంకొకరికి ఆమే నేర్పాలి. నేర్పేటప్పుడే తనకు ఏం రాదో తెలుస్తుంది. ప్రతి పనికి ఇద్దరు ఉండాలి, ముగ్గురు అక్కర్లేదు. చిన్న కోడలు పరీక్షలకు వెళ్లినప్పుడు పట్టిక ఎక్కించేది మా వదిన. మొదట్లో ఫోన్ పట్టుకోవడానికే జంకేది. తెలుగులో మాట్లాడితే రాసుకునే వాయిస్ టైపింగ్ చూపించాక భయం పోయింది.

సీజన్‌కు ముందు ఏ కొత్తదీ మొదలుపెట్టకండి. డిసెంబర్ చివరి వారంలో కొత్త యాప్ వేస్తే పండగ పూట గందరగోళమే. కొత్తవన్నీ ఫిబ్రవరి నుంచి ఆగస్టు మధ్య, చేతి నిండా పని లేని రోజుల్లో పెట్టుకోవాలి.

కనుమ తర్వాత రెండో రోజు షెడ్డు కడిగి, అందరం కూర్చుని చీటీలు, నోటుబుక్కు ముందేసుకుంటాం. ఈసారి ఎక్కువసార్లు కనబడిన మాట "అట్టపెట్టె". కిలో సకినాలకు రెండు కిలోల పెట్టె వాడి, ఖాళీ నింపడానికి పాత పేపర్లు కుక్కాం, అయినా విరిగాయి. కిలో, 2 కిలోలు, 5 కిలోల ప్యాకెట్ల పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి రాసుకున్నాం. ఆ కొలతల కాగితం ఇప్పుడు నా పర్సులో ఉంది. రేపు పొద్దున వరంగల్ చౌరస్తాకు పోయి పెట్టెలు చేసేవాళ్లకు చూపించాలి.